మట్టి కంబం మొదట్ల నీళ్లు

బకెట్ల నీళ్లు నింపుకొని ఎవరన్న గోడ దిక్కు పోతుంటె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. మా ఇంటామె నవ్వుతది, నీళ్లు నీకేం పాపం చేసినయ్ అంటది. చేసినయ్. చెప్త.

మా అక్క పెనిమిటి, అంటె మా బావ, నేను ఒమాన్ల ఒకటే కంపెనీల పనిచేసినం. షినాస్ దగ్గర మా రూమ్. నేను గోడల మేస్త్రిని, ఆయన నా కింద మట్టి కలిపేటోడు. విమానమెక్కేనాడు అక్క నన్ను పక్కకు పిలిచి, "ఆయన భక్తిగల్ల మనిషి, లోకం తెల్వది. ఎట్ల తీస్కపోతున్నవో అట్లనే తోలుకరా తమ్మీ" అన్నది. తోలుకొస్త అని చేతిల చెయ్యేసిన. అదే నాకు పెద్ద బరువైంది. ఆయన వయసుల పెద్ద, వరుసల పెద్ద, ఎవరి మాట వినడు. మొండోడు రాజుకన్న బలవంతుడంటరు గద, గా మొండోడు మా ఇంటల్లుడు.

ఒకపారి కంపెనీ మమ్ముల బురైమి దిక్కు గుట్టలల్ల ఉన్న ఒక పాడువడ్డ ఊరికి పంపింది. ఊరోళ్లంత కిందికి దిగి సిమెంటు ఇండ్లు కట్టుకున్నరు, మాకూ ఆడనే రూమ్ ఇచ్చిండ్రు. పాత ఇండ్ల మట్టిగోడలు కరిగి మోకాలెత్తు మిగిలినయ్. నడిమిట్ల ఒక్క మసీదు మాత్రం నిలవడి ఉన్నది. ఎన్ని వందల ఏండ్లదో ఎవరూ సక్కగ చెప్పలేదు. దాన్ని బాగుచేసుడు మా డ్యూటీ.

చిన్న మసీదు. మినార్ లేదు, మిద్దె మీద ఒక మూలకు గిన్నె బోర్లించినట్టు గుమ్మటం, అంతే. లోపల నాలుగు మట్టి కంబాలు, ఒక మనిషి కావలించుకుంటె చేతులు అందవు. కంబానికి కంబానికి నడుమ కమాన్లు. వాటి మీద ఖర్జూరపు మొద్దులు నడిమికి చీల్చి పరిచిండ్రు, మొద్దుల మీద ఆకు చాపలు, చాపల మీద మూరెడు మందం మట్టి. గోడల గూళ్లల్ల దీపాల మసి ఇంకా పోలేదు. ఒక గూట్లె పుస్తకం పెట్టి చదువుకునే మడత పీట ఉండె, ఒక రెక్క చెదలు తినేసింది. పడమటి గోడల మిహ్రాబ్, నమాజు చదివిచ్చేటాయన నిలవడే గూడు. గోడ మందమంత లోపలికి పోయి పైన చిన్న కమానుతోని మూసుకుంటది. దాని చుట్టు సున్నంల చెక్కిన పూలు, పూల నడుమ నీలి గీతల పింగాణీ గిన్నె ఒకటి గోడకు పొదిగిండ్రు. ఎన్నడో ఓడ మీద వచ్చిందట. నేను పని ఆపి దాన్నే చూసేటోన్ని.

బావ మొదటినాడే గడప బయట చెప్పులిడిసి, మిహ్రాబ్‌ను చూసి దండం పెట్టిండు. "ఇది గర్భగుడి లెక్క బామ్మర్దీ. ఈ గూట్లె మనం కాలు పెట్టొద్దు" అన్నడు. దాని అంచు కూడ తొక్కకపోయేది.

మా దిక్కు దేవుని జాగల పని మొదలువెట్టేముందు కడుగుడు రివాజు. కడగకుంటె ఆయనకు అన్నం సయించదు. ఊరి పక్కపొంటి ఫలజ్ అని కాలువ పారుతది. రోజూ పొద్దుగాల మాకన్న ముందుపోయి, అండ్లకెళ్లి నీళ్లు తెచ్చి, మేకలు జొరవడకుంట తలుపేసుకొని నేలంత కడిగేటోడు. ఆఖరుకు ఒక్కొక్క కంబం మొదట్ల చెంబెడు నీళ్లు పోసి మొక్కేటోడు. పసుపు కుంకుమల జోలికి పోలేదు, గంత తెలివి ఉండె. నేను అడిగితె "నీళ్లకు మతమేందిరా" అన్నడు. దుమ్ము అణిగిందని ఫోర్మన్ ఖుషీ అయ్యిండు. మసీదును చూసుకునే ఒమానీ ముసలాయన పొద్దుమీకి వచ్చేటోడు, అప్పటికి నేల ఆరిపోయేది. వద్దనేటోడే లేకుంటయ్యిండు.

పగటీలి అన్నం తిని అందరం మసీదులనే ఒరిగేటోళ్లం. బావ మిహ్రాబ్ పక్క కంబానికి వీపు ఆనించి, "ఏసీ లెక్కుంది" అనేటోడు. మట్టి కంబం చల్లగ ఎందుకుంటదో నాకు అప్పుడే అనుమానం తట్టింది.

తర్వాత కంబం మొదట్ల తెల్లగ పొక్కులు లేసినయ్. గోటితోని గీకి నాలిక మీద వేసుకున్న. ఉప్పు. తడి గీత మడిమె కాడినుంచి పిక్కదాక, పిక్క కాడినుంచి మోకాలుదాక ఎక్కింది. వేలి కణుపుతోని కొడితె మొదట నిండు వడ్ల గుమ్మి లెక్క పలికిన కంబం ఇప్పుడు ఒట్టి గుమ్మి లెక్క పలుకుతున్నది. మేం పండుకునే చాపల మీద రోజూ పైనుంచి పిడికెడు మట్టి రాలి ఉండేది. నాకు ఆడ కన్ను మూతవడకుంటయ్యింది.

"బావా, మట్టి కంబానికి నీళ్లేందే? ఆపు" అన్న.

"మనింట్ల కడుగుతలేమా? కూలిందా?"

"మనింటి మొగురాలు కట్టె కంబాలు, వాటి కింద రాయి ఉంటది. వీటి కింద లేదు."

"నమ్మినోనికి ఏం కాదు పో."

చెవిటోని ముందట శంఖమూదినట్టయ్యింది. ఫోర్మన్‌కు చెప్పిన. నీ పని నువ్వు చూస్కో అని హిందీల గసిరిండు. బకెట్ దాచిపెట్టిన, బావ నూనె డబ్బా కడిగి దాంతోని తెచ్చిండు. నేను నోటికొచ్చినట్టు తిట్టిన, ఆయన నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. అక్క పెనిమిటి మీద చెయ్యి లేపుతమా? పండ్లు కొరుక్కున్న.

ఇగ తలుపు. మొదట వేలుతోని నూకితె పడే తలుపు నేలకు రాసుడు మొదలైంది. చెక్క ఉబ్బింది అన్నడు ఫోర్మన్. గా ఎండల చెక్క ఎట్ల ఉబ్బుతది? తలుపు బిగించిన చౌకట్ కిందికి దిగుతున్నది. గోడ కదులుతున్నది.

ఆనాడు పొద్దుగాల మేం పోయేసరికి తలుపేసి ఉన్నది. బావ లోపల ఉన్నడు. భుజంతోని నూకిన, రాలేదు. ఇంకింత నూకితె చౌకట్ మీదికెళ్లి మట్టి నా నెత్తిమీద పడ్డది. చెయ్యి తీసేసిన. తలుపు సందుల నుంచి చూస్తె బావ చెంబు పట్టుకొని నిలవడ్డడు. ఆయన వెనుక కంబానికి మోకాలు కాడ అడ్డంగ పర్రె పడి ఉన్నది.

గొంతు మెల్లగ పెట్టిన. "బావా, తలుపు ముట్టకు. పోయి మిహ్రాబ్ల నిలవడు. ఆడ గోడ మందం, పైన మొద్దుల్లేవు."

ఎన్నో దినాల తర్వాత నాతోని మాట్లాడిండు. "అండ్ల నిలవడుదునారా?"

"నిలవడు. అక్క మీద ఒట్టు."

చెంబు కింద పెట్టి నడిచిండు. అంచు కాడ ఆగిండు. చేతులు జోడించిండు. నేను సందుల నోరు పెట్టి "లోపలికి, లోపలికి" అంటనే ఉన్న. ఆయన మోకాళ్ల మీద కూసొని, బోర్ల సాగిలపడ్డడు. తల, ఛాతి గూట్లె ఉన్నయ్. కాళ్లు బయట ఉన్నయ్.

"కాళ్లు బావా. కాళ్లు గుంజుకో."

విన్నడో లేదో. గోనెసంచి చినిగినట్టు సప్పుడైంది, మిద్దె కూలింది, దుమ్ముల ఏం కనవడలేదు.

బయటినుంచి మిహ్రాబ్ వెనుక గోడకు కన్నం చేసి తీసినం. తలకు గీత పడలేదు. పూలు, గిన్నె ఆయన తలకు పైన గోడకు ఎక్కడివక్కడనే ఉన్నయ్. ఖర్జూరపు మొద్దు మాత్రం కాళ్ల మీద ఉండె. దవాఖానల కుడికాలు మోకాలుదాక తీసేసిండ్రు.

తెలివికొచ్చినంక మొదటి మాట ఏమన్నడో తెలుసా? "నేను కాలు పెట్టలే బామ్మర్దీ. అందుకే పానం దక్కింది."

కోపం, ఏడుపు రెండూ ఒక్కపారే వచ్చినయ్. మొత్తం చెప్పుదామనే నోరు తెరిచిన. ఆయన నా చెయ్యి పట్టుకొని, "గంత గట్టి కంబం ఎట్ల కూలిందిరా?" అని అడిగిండు.

"పాతది బావా. దాని కాలం తీరింది" అన్న.

ఎట్ల తీస్కపోయిన్నో అట్ల తోలుకరాలేదు. అక్క గడపల నిలవడి ఆయన పైంటు మడతను చూసింది, నన్ను చూసింది, నా భుజం మీది సంచి అందుకొని లోపలికి పోయింది. తిట్టినా బాగుండు.

ఇప్పటికీ పొద్దుగాల ఆయన కట్టె ఊతంతోని లేసి గడప కడుగుతడు, మొగురాల కింద నీళ్లు పోసి మొక్కుతడు. వాటి కింద రాయి ఉన్నదని నాకు తెలుసు. అయినా వాళ్లింటికి పోయినప్పుడల్ల వంగి చూస్త, తడి ఎంతదాక ఎక్కిందో అని. ఆయన ఇప్పుడు వంగలేడు. చెంబు అక్కనే నింపి చేతికిస్తది.