కాక తీయనన్న చెక్క

మా కాక పోయాడు. ఈ అరబ్బు దేశంలో జింజ్ అనే చోట ఒక ఫ్లాటుకు తలుపులు బిగిస్తుంటే మేముండే కూలీల క్యాంపు నుంచి ఫోను వచ్చింది. "కాక లేస్తలేడురా, జల్ది రా" అన్నాడు ఆయన రూములో ఉండే అన్న. చేతిలో స్క్రూలు అక్కడే పారబోసి పరుగెత్తాను. నేను చేరేసరికే ముఖం మీద దుప్పటి కప్పేశారు. గుండె ఆగింది అని డాక్టరు రాశాడు. ఎందుకు ఆగిందో ఎవడూ రాయడు.

ఆయన నాకు చుట్టం కాదు. కర్జకాన్‌లోని మా వడ్రంగి షెడ్డుకు పెద్ద మేస్త్రీ, మా జగిత్యాల దిక్కు మనిషి. అందరికీ కాకే. నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. తిట్టేవాడు కాదు. తక్కువ కోసిన చెక్కను నా చేతిలోనే పెట్టి, "ఇగ దీన్ని పొడుగు చెయ్యి బిడ్డా, చూస్త" అనేవాడు. షెడ్డంతా నవ్వేది. టీలో రంపపుపొట్టు పడితే వేలితో తీసేసి, "టేకుదే తియ్యి, బలమే" అని తాగేవాడు.

మొన్న చలికాలంలో మా కఫీల్, అంటే మా వీసాలు చేతిలో ఉన్న యజమాని, తన తుపాకి తెచ్చి కాక బల్ల మీద పెట్టాడు. ఏటా వేరే దేశం పోయి, కొండల్లో జింకల వెంట నడిచి వేటాడటం ఆయన అలవాటు. తండ్రి ఇచ్చిన తుపాకి, మందపాటి చెక్క. ముసలితనంలో దాన్ని మోస్తూ కొండ ఎక్కలేకపోతున్నాడు. తేలికది కొత్తది కొందామని కఫీల్ కొడుకు అంటాడు. కఫీల్‌కు మనసొప్పదు.

"భాయ్, బహుత్ భారీ. షువయ్య లకడీ కాటో" అన్నాడు, చాలా బరువుంది, కొంచెం చెక్క తీసెయ్యమని. "ఫిర్ ఖలాస్, తుమ్ ఘర్ జావో."

పని అయితే ఇంటికి పొమ్మన్న ఆ చివరి మాటకు షెడ్డులో రంపాలన్నీ ఆగాయి. పని మానేసి ఇంటికి పోతానని కాక ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. కఫీల్ సంతకం లేనిదే పోలేడు. ఇప్పుడా సంతకం ఆ తుపాకి చెక్కలో ఉంది.

తుపాకిని భుజానికి ఆనించమని కఫీల్‌నే అడిగాడు కాక. చుట్టూ తిరిగి చూశాడు. ఆలోచించి చెప్తానన్నాడు. గురువారం మళ్లీ తెస్తానని కఫీల్ వెళ్లిపోయాడు.

"గీరి ఇచ్చెయ్యి కాకా. వాని తుపాకి ఏమన్నగాని నీకేంది?" అన్నాను.

"గీరుడెంతసేపురా. తేలికయితె పేల్చినప్పుడు ఎనుకకు గట్టిగ తంతది. మా తాత నాటుతుపాకి పేల్చి నేను ఎల్లెలుకల పడ్డ, నాకెర్కలేదా? ఆయన భుజం సూసినవా? చెయ్యి పైకి లేస్తలేదు."

"నీ భుజం ఎవడన్న సూసిండా?"

మీరే చెప్పండి. లిఫ్టు లేని బిల్డింగుల్లో నిండు చెక్క తలుపులు కాక భుజం మీదే ఎక్కాయి. అక్కడ చర్మం కాయగట్టి నల్లబడింది. బరువు తగ్గిద్దామా, మార్చేద్దామా అని తుపాకి గురించి తండ్రీకొడుకులు చలికాలమంతా వాదించుకున్నారు. మా దగ్గర ఆ వాదన ఉండదు. తలుపు బరువు తగ్గదు, మోయలేని మనిషిని మారుస్తారు.

గురువారం కఫీల్ వచ్చాడు. కాక ఉలి ముట్టలేదు. "నై కాటేగా బాబా. కంధే కో మారేగా. నయా లేలో" అన్నాడు. కొయ్యను, భుజాన్ని తంతుంది, కొత్తది కొనుక్కో అని.

"మై పూఛా క్యా?" అన్నాడు కఫీల్. నేను నిన్ను సలహా అడిగానా అని. తుపాకిని సంచిలో పెట్టుకుని పోయాడు. సంతకం ఆయనతోనే పోయింది.

నేను సుత్తి విసిరికొట్టాను. "ఇంటికి పోయే కాయితం ఇంటిముందలికొస్తె తన్ని పంపినవ్ గదా కాకా!"

"తీసిన చెక్క మల్ల అతుకదురా. నేను పోయినంక గాయన ఏ కొండ మీదనో పడితె?" అన్నాడు తలుపుకు ఇసుక కాగితం రుద్దుతూ. రుద్దిన చోట వేలితో తడిమి, "ముసలోడురా. నా లెక్కనే" అన్నాడు.

ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే. కఫీల్‌ను తనలాంటి మనిషి అనుకున్నాడు కాక. కఫీల్ ఒక్కనాడైనా అట్ల అనుకున్నాడా? "రంజాన్ అయినంక సంతకం చేస్తడు తియ్యి" అంటూ కాక ఎదురుచూశాడు. రంజాన్ అయింది. ఆ తర్వాతే ఫోను వచ్చింది.

శవాన్ని పంపే కాగితాల మీద కఫీల్ ఆసుపత్రిలో నిలబడే సంతకాలు పెట్టాడు. ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. నా దగ్గరికొచ్చి, "నయా లియా" అన్నాడు మెల్లగా. కొత్తది కొన్నాడట. "నేనడిగిన్నా?" అన్నాను తెలుగులోనే. అర్థమైందో లేదో, తల దించుకున్నాడు.

పెట్టెను బండి దాకా మోయాలి. శవాన్ని మోయడం వాళ్లకూ పుణ్యమే, మాకూ పుణ్యమే. ముందువైపు కాక రూములో ఉండే అన్నను తప్పించి కఫీల్ భుజం పెట్టాడు. నేను సరిగ్గా ఆయన వెనుక. నాలుగు అడుగులకే ఆయన ఊపిరి నాకు వినబడింది. దించమని ఆయన అనలేదు. పక్కకు జరగమని మేమెవరమూ అనలేదు. ఎండలో, అడుగు తడబడుతూ, తల మీది తెల్లగుడ్డ జారి కళ్లను కప్పేస్తున్నా, దాన్ని సర్దుకోవడానికి రెండో చెయ్యి పైకి లేవక, అట్లాగే నడుస్తున్నాడు.