డ్రాఫ్ట్ అంటే నువ్వే

ఏప్రిల్ చివరి గురువారం సాయంత్రం, నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇల్లు. హాజరు: నేను, అల్లుడు, మనవరాలు, వంటింట్లోంచి ఒక చెవి ఇటు వేసిన మా అమ్మాయిని కూడా కలుపుకోవాలి.

డైరీలో ఇలా మొదలుపెట్టడం నా పాత అలవాటు. ఆ సాయంత్రం టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకుంటున్నాయి; దాన్నే ఇక్కడ డ్రాఫ్ట్ అంటారు. మా జట్టులో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ వయసు మీరినవాడే అయినా ఇంకా గెలిపిస్తున్నాడు. అయినా మొదటి వంతులోనే అతని స్థానానికి ఒక కుర్రవాణ్ణి తీసుకున్నారు.

"టూ ఎర్లీ మామయ్యా! గెలుస్తున్న మనిషిని ఇలా ఇన్సల్ట్ చేస్తారా?" అన్నాడు అల్లుడు.

"నో డాడీ, టూ లేట్. ఓల్డ్ గై ఇంటికి వెళ్లాలి," అంది మనవరాలు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. పక్క ఊరు అరోరాలోని గుడిలో ఏళ్లుగా నేను చెబుతున్న ఆదివారం తెలుగు తరగతిని జూన్ నుంచి ఒక ఎం.ఎస్. విద్యార్థినికి అప్పగిస్తామని, నన్ను విశ్రాంతి తీసుకోమని, కమిటీవారు ఆ వారమే ఫోన్ చేసి చెప్పారు మరి.

నాకు మాత్రం ఈ దేశంలో నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. యంత్రాల నమూనాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని నేను. భోజనాల వేళ తోటివాళ్లు క్వార్టర్‌బ్యాక్‌ని ఇప్పుడే డ్రాఫ్ట్ చేయాలా వద్దా అని వాదించుకుంటుంటే, డ్రాఫ్ట్ అంటే గీయడమే అనుకుని, ఏ స్కేలులో గీయాలని అమాయకంగా అడిగాను. గది గదంతా నవ్వింది, మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ తప్ప. ఆయన నన్ను పక్కకు పిలిచి, డ్రాఫ్ట్ అంటే నువ్వే, నా కుర్చీ కోసమే నిన్ను తెచ్చారు, కాని అందులో ఇంకా నేనున్నాను అని, తన బల్ల పక్కనే ఒక స్టూలు వేశాడు. ఆ చలికాలమంతా పెన్సిల్ ఆయనది, రబ్బరు నాది. ఆయన గీతల్లో తప్పు పట్టగలిగిన రోజున పెన్సిల్ నా చేతికొచ్చింది. ఆయన తనంతట తానే లేచాక కుర్చీ వచ్చింది. నేను పదవీ విరమణ చేసేనాటికి స్టూళ్లూ లేవు, బల్లలూ లేవు; నా తర్వాత వచ్చినవాడి ముఖం కూడా నేను చూడలేదు.

అందుకే ఆ సాయంత్రం ఇద్దరికీ గట్టిగానే చెప్పాను. వారసుణ్ణి పెద్దవాడు గెలుస్తున్నప్పుడే తెచ్చుకోవాలి, ఓడిపోయాక తెస్తే నేర్పేవాడు మిగలడు. కాని తెచ్చినంత మాత్రాన పెద్దవాణ్ణి లేవమనకూడదు.

"సో తాతయ్యా, నువ్వు వెళ్తున్నావా, లేదా?"

"లేదు," అన్నాను. గరిటె మళ్లీ మోగింది.

ఈ రోజుల్లో వచ్చేవాడికీ పోయేవాడికీ మధ్య ఒక తలుపు మాత్రమే ఉంటోంది. మా కాలంలో అక్కడ ఒక స్టూలు ఉండేది. అది ఎప్పుడు తీసేశారో, ఎవరు తీసేశారో ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు.

మర్నాడు ఉదయం కాఫీ తాగి ఆ ఎం.ఎస్. అమ్మాయికి ఫోన్ చేశాను. జూన్ దాకా ఆగనక్కరలేదు, ఈ ఆదివారమే రా, నా పక్కన ఇంకో కుర్చీ వేయిస్తాను, నేనెప్పుడు లేవాలో నేనే చెబుతాను, కమిటీకీ అదే మాట చెబుతాను అన్నాను.

"సరే అంకుల్. మరి మార్కర్ ఎవరి దగ్గరుంటది?"

"ప్రస్తుతానికి నా దగ్గరే. డస్టర్ నీది," అన్నాను.