డిక్కీలో కొబ్బరి డొక్క

సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు డీజిల్ వాసన తగలగానే నా మొదటి కారు గుర్తొచ్చింది. అదేనర్రా, ఫ్రెండ్స్ మీరంతా వెనక సీట్లో ఇరుక్కుని కూర్చునే ఆ ఎర్ర సెకండ్‌హ్యాండ్ కారు!

దాన్ని తొలిసారి పంటు ఎక్కించి, హ్యాండ్‌బ్రేకు లాగి ఆపాను. పక్కనున్న అమ్మకి హ్యాండ్‌బ్రేకు మీద నమ్మకం లేదు. "బ్రేకు నీ మాట వింటుందేమో గానీ గోదారి వినదే" అంటూ దిగి, రేవులో దొరికిన, కాయ ఒలిచేసిన కొబ్బరి డొక్కని చక్రం కింద పెట్టింది. ఆ కారు ఉన్నన్నాళ్లూ ఆ డొక్క డిక్కీలోనే తిరిగింది.

ఈరోజు మా అమ్మాయి తన కొత్త కారుని పంటు ఎక్కించింది. డొక్క కోసం చుట్టూ వెతుకుతున్న నన్ను చూసి, నవ్వుతూ డిక్కీ తెరిచింది.

"పూజ కూడా కాకముందే అమ్మమ్మ పెట్టేసిందమ్మా!"