అంకమ్మ వసారాలో మూడో పాట

కోవిడ్ తగ్గాక వచ్చిన మిరపకోతల కాలంలో, రిటైరవడానికి కొద్ది నెలల ముందు, వినుకొండ వైపు ఒక కమ్యూనిటీ రేడియోకు నేను స్టేషన్ మేనేజరుని. మా తాతగారు పాటగాళ్లను ఇంటికి పిలిపించుకుని విన్న మనిషి. ఆ ఇల్లు ఇప్పుడు ఎరువుల గోదాము. జీతం తీసుకుని పాటలు విన్నవాణ్ణి మా వంశంలో నేనే మొదలు. ఆ పని తలెత్తుకునే చేశాను.

నూజెండ్ల అమ్మాయి రూత్ ఆరు పాటల ఆల్బమ్ తెచ్చింది. కొన్ని సోల్, అంటే చర్చి కాయిర్‌లో లాగా గొంతు సాగదీసి లోపలినుంచి పాడేవి. మిగిలినవి హిప్-హాప్, దరువు మీద మాటలు గబగబా పేర్చుకుంటూ పోయేవి. సాయంత్రం పంట ధరల తర్వాత, ఊరంతా ఇంటిపట్టున ఉండే స్లాటు కావాలంది. రేడియో కూడా కాదంటే పాటలు మానేసి బట్టల షాపులో చేరతానని తల్లికి మాటిచ్చి వచ్చింది.

కొత్త కార్యక్రమాన్ని ముందుగా ఒక ఊళ్లో స్పీకరు పెట్టి వినిపించడం మా పద్ధతి. దాన్ని న్యారోకాస్టింగ్ అంటారు. ఎక్కువమంది వద్దంటే ప్రసారం ఉండదు. పాడినవాళ్లు అక్కడ ఉండకూడదు, ఉంటే మొహమాటం అడ్డొస్తుంది. అందుకని ఈపూరు దగ్గరి ఒక ఊరికి నేనొక్కణ్ణే వెళ్లాను. అంకమ్మ అనే పెద్దావిడ వసారాలో ఆడవాళ్లు కూర్చుని మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

మొదటి రెండు సోల్ పాటలకు ఎవరూ తలెత్తలేదు. మూడోది హిప్-హాప్. చనిపోయిన తండ్రిని ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలడుగుతూ పోయే పాట. సగంలో అంకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆపండయ్యా. ఇది పాట కాదు, శోకం. చావు లేని ఇంట్లో శోకం తీస్తారా?”

స్పీకరు ఆపి, వద్దన్నారని రాసుకుని, వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

“ఎక్కడికి? ఇంట్లో వద్దన్నా గానీ ఇననన్నానా? కళ్లంలో పెట్టండి.”

తట్టలెత్తుకుని అందరూ కళ్లంలోకి నడిచారు. ఆ పాటే రెండుసార్లు వేయించుకున్నారు. ఒకావిడ చేతులకు కారం కాబట్టి మోచేత్తో కళ్లు తుడుచుకుంది. పక్కనున్నామె ఊరుకోలేదు. “ఏందే, నీ మొగుడు దుక్కలా ఉన్నాడుగా, ఎవురికోసం?” అంది. అందరూ నవ్వారు, ఏడుస్తున్నావిడ కూడా.

ఆల్బమ్ అయ్యాక ఒక్కొక్కరినీ అడిగాను. ఏడ్చినావిడ బాగాలేదంది. అంకమ్మ మనవరాలు లావణ్య డిగ్రీ చదువుతోంది, హిప్-హాప్ ఆమెకు నచ్చుతుందనుకున్నాను. మనూరి మాటల్లో ఉంటే మొరటుగా ఉంది, ఇంగ్లీషులో పాడాల్సింది అంది. సోల్ పాటలు ఒకరికి ప్రార్థన, ఒకరికి నిద్ర. అంకమ్మ చానా బాగుందంది, రేడియోలో మాత్రం వెయ్యొద్దంది. నచ్చినవాళ్లని ఏ లెక్కలో వేయాలో, నచ్చనివాళ్లని ఏ లెక్కలో వేయాలో నాకు తోచలేదు. బాగున్నప్పుడు ఎందుకు వద్దని అంకమ్మనే అడిగాను. వాళ్లింట్లో రేడియో దేవుడి పటాల పక్కన ఉంటుందట. దీపం పెట్టే వేళకు అందులోంచి శోకం రాకూడదట.

ఆల్బమ్‌ను పొద్దున పదకొండు గంటల స్లాటుకు మార్చాను. కూలీలు రేడియో సెట్టు చేలోకి తెచ్చుకుని వినే సమయం అది. రూత్ ముఖం మాడ్చుకుంది. ఇంట్లో ఎవరూ లేని టైములో వేస్తే ఎవరి కోసమని అడిగింది. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టే వేయగలుగుతున్నానని చెప్పాను.

ప్రసారమైన రోజు ఫోన్లు రెండు రకాలుగానూ వచ్చాయి. ఇదేం పాటని తిట్టినవాళ్లలో కొందరు మళ్లీ ఎప్పుడు వేస్తారని కూడా అడిగారు. మూడోవారానికి అది స్థిరమైన కార్యక్రమమైంది. రూత్ బట్టల షాపులో చేరలేదు. సాయంత్రం స్లాటు ఇవ్వలేదన్న కోపమూ పోలేదు.

ఆ ఆల్బమ్ మంచిదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. శ్రోత వద్దన్నప్పుడు పాట వద్దంటున్నారా, చోటు వద్దంటున్నారా అన్నది విడిగా అడగాలి. అప్పటివరకు మా పద్ధతిలో ఆ ప్రశ్న లేదు. దాన్ని చేర్చాకే రిటైరయ్యాను.