పాలసొర, ప్రీమియం పెట్రోలు

పామర్రు సెంటర్లో నా చేపల గంప చూసి ఏ బస్సువాళ్ళూ ఎక్కించుకోలేదు. గుడివాడలో ఒక బాలింతకి మధ్యాహ్నం కూరలోకి పాలసొర తెస్తానని మాటిచ్చాను. గంపలో ఐసు కరిగిపోతోంది. అప్పుడు ఒక ఎర్ర పికప్పు బండి నా ముందు ఆగింది.

"గంప వెనకాల పెట్టి ముందెక్కు అక్కా," అన్నాడు నడిపేవాడు.

బండికి కొత్తగా పెద్ద ఇంజను వేయించాడట. అయినా గట్టిగా తొక్కితే లోపల టకటకమని కొట్టుకుంటోంది, వేగం అందుకోవడం లేదు. పెట్రోలు అయిపోవస్తే బంకులో ఆపాడు. అక్కడ మామూలు పెట్రోలూ ఉంది, ఖరీదైన ప్రీమియమూ ఉంది. ఏది పోయించాలో తేల్చుకోలేక నిలబడిపోయాడు.

"మెకానిక్కు ప్రీమియమే పొయ్యమన్నాడక్కా. మా బావేమో అది దండగంటాడు."

"మీ బావ బండిక్కూడా ఇలాంటి ఇంజనేనా?"

"కాదు, పాతదే."

"మరింకేం తమ్ముడూ! పాలసొర బాలింతకి పెడితే పాలు పడతాయి. మీ బావకి పెడితే ఏం పడతాయి?"

బంకులో అందరూ గొల్లుమన్నారు. అతనూ పడీపడీ నవ్వి, "ప్రీమియమే పొయ్యండి, నా బండి బాలింత!" అని అరిచాడు.

కాసేపటికి ఆ టకటక ఆగింది. బండి ఒక్క ఊపున లేచింది. నా కొంగు కిటికీలోంచి ఎగిరి రెపరెపలాడింది. "ఇంకా తొక్కు తమ్ముడూ!" అని నేనే కేకలు పెట్టాను. గుడివాడలో గంప దించేసరికి ఐసు ఇంకా గడ్డలుగానే ఉంది.

అతని పేరు అడగలేదు. ఏళ్ళ తర్వాత అక్షరాలు నేర్చుకున్నాక, బస్సులోంచి నా అంతట నేను చదివిన మొదటి బోర్డు పెట్రోలు బంకుదే. "ప్రీ... మి... యం" అని కూడబలుక్కుని పైకే నవ్వేశాను.

"ఏమైందమ్మా?" అంది పక్కనున్నావిడ.

"ఒక బాలింత గుర్తొచ్చిందండీ," అన్నాను.