మా అద్దె మేడ బొమ్మ

తొంభైల చివర్లో మేము బెంగళూరు పక్కనున్న యలహంకలో ఒక మూడంతస్తుల మేడలో పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను చిత్రకళ చదువుతున్నాను. ఏదైనా మామూలు కట్టడాన్ని ఎక్స్‌ప్రెషనిజం పద్ధతిలో, అంటే కంటికి కనిపించినట్టు కాక మనసుకు తోచినట్టు, గీసుకు రమ్మన్నారు కాలేజీలో. నేను మా మేడనే వేశాను. లేత పసుపు గోడలకు ముదురెరుపు పూశాను. కిటికీలు వంకరపోయాయి, మేడంతా వీధి మీదికి ఒరిగింది.

రంగులు ఆరడానికి బొమ్మను వరండాలో పెట్టాను. మేడను కొందామని చూడవచ్చిన మనిషి దాన్ని చూసి, "గోడలు ఒరిగినాయా ఏమి?" అని అడిగాడట. ఆయన వెళ్ళగానే ఇంటి ఓనరు బొమ్మ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. వేళ్ళ నిండా ఎరుపు అంటుకుంది.

"ఏమప్పా, నా బిల్డింగు ఇట్లుండాదా? దీన్ని చించేయండి, లేదంటే ఇల్లు ఖాళీ చేయండి."

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎందుకట్ల గీసినావు పాపా?" అన్నాడు నెమ్మదిగా.

నేను నాన్న వైపు తిరిగాను. "పోయిన నెల అమ్మను ఆసుపత్రికి తీసుకపోయేటప్పుడు ఆటోలోంచి వెనక్కి చూసినా. నాకట్లే కనిపించింది."

అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని వచ్చి, బొమ్మను చాలాసేపు చూసింది.

"నాకూ అట్లే అగుపించిందన్నా. మళ్ళా ఈ ఇంటికి వస్తాననుకోలేదు," అంది ఓనరుతో.

ఆయన బొమ్మను గోడకు ఆనించి మెట్లు దిగిపోయాడు. ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.