పేరు వెయ్యని ఉత్తరం

ఆఫీసులో అందరూ ఆయన్ని గ్రామర్‌గారనే పిలుస్తారు. జీతం గుమాస్తాది, హోదా మాత్రం పండితుడిది. సెలవుచీటీ రాయాలన్నా, పైవాళ్లకు సంజాయిషీ పంపాలన్నా, "ఇంగ్లీషులో ఇలా అనొచ్చాండీ?" అంటూ ఆయన బల్ల దగ్గరికే వస్తారు. ఆయన కళ్లజోడు ముక్కు కొసకు దించి, అవతలివాళ్లను చూసి కాస్త జాలిపడి, ఆ తర్వాతే కాగితం చూస్తారు. తప్పు కనబడితే ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టే.

సెక్షన్లో ఒకరిని తీసేస్తారని నెల్లాళ్లుగా గుసగుసలు. ఆ సోమవారం మేనేజరు ఒక కాగితం తెచ్చి, "పేరు తర్వాత వేస్తాం. మీరు భాష ఒక్కటి చూసిపెట్టండి" అన్నాడు. అది ఉద్యోగంలోంచి తొలగించే ఉత్తరం. పేరుండాల్సిన చోట ఖాళీ. రెండో పంక్తిలో మాత్రం ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసని ఉంది. అంత సర్వీసు ఆ సెక్షన్లో ఆయనొక్కరికే ఉంది. పక్క సీటు టైపిస్టు తొంగిచూసి, "తప్పులతోనే పోనివ్వండి బాబాయ్‌గారూ, నలుగురూ నవ్వుకుంటారు" అని గొణిగింది.

"నవ్వేది నన్ను చూసేనమ్మా. ఇక్కడ దిద్దేది నేనేనని అందరికీ తెలుసుగా."

గ్రామర్‌గారు ఏడుచోట్ల దిద్దారు. మెలికలు తిరిగిన చివరి వాక్యాన్ని, ఎవరూ తప్పించుకోడానికి వీల్లేనంత సూటిగా తిరగరాశారు. మేనేజరు చదువుకుని, అలవాటుకొద్దీ, "మీరు లేకపోతే ఈ ఆఫీసు ఎలా నడుస్తుందండీ" అనేశాడు. అన్నాక తల దించుకుని కాగితం మడవసాగాడు. అడిగింది మేనేజరే కదా, జవాబు కూడా అతనే చెబుతాడేమోనని గ్రామర్‌గారు అక్కడే నిలబడి ఉన్నారు.